విజితుల కథనము: బొబ్బిలి గాథ, మెక్సికో గాథ, సవర వాఙ్మయము

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలికోట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు కూలినది. అంతకు సుమారు 235 ఏండ్లకు పూర్వము, 1521 ఆగస్టు 13న, మెక్సికో రాజధానియైన తెనోచ్తిత్లాన్ స్పెయిను సాహసికుడు హెర్నాన్ కోర్తెస్ వశమైనది. ఈ రెండు పతనములకును గల పోలికలు చదువరి మనస్సును వెంటనే ఆకర్షించును. రెండుచోట్లను సముద్రము దాటి వచ్చిన కొలదిమంది తెల్లవారు, తమ బలమువలన మాత్రమే కాక, స్థానికుల వైరమువలన గెలిచిరి. కోర్తెస్‌కు త్లష్కాలావారు తోడైరి; బుస్సీకి విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు తోడయ్యెను. అచ్చట మాలింత్జిన్ అను స్త్రీ, ఇచ్చట హైదరుజంగు అను దివాను, ఇరుపక్షములకు నడుమ మాటలు మోసిరి. రెండు గాథలయందును తుదకు మిగిలినవి బూడిదయు, పాటయును.

ఈ పోలికను మేమును పలు సంవత్సరములు తరగతి గదిలో చెప్పుచు వచ్చితిమి. విద్యార్థులు శ్రద్ధతో వినిరి, పరీక్షలలో వ్రాసిరి. కాని ఇటీవల ఉభయ వాఙ్మయములను దగ్గర పెట్టుకొని చదివినపుడు ఇందొక లోపము గలదని మాకు తోచినది. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, ఇందు ఉపమానము సరియైనదే, ఉపమేయమే పొరపాటు. అమెరికా ఆదిమజాతుల కథకు ఉత్తరాంధ్రమునందు సాటి వచ్చునది కోటలోని కథ కాదు, కొండమీది కథ. ఈ సంగతిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా పోలిక ఎంతవరకు నిలుచునో చూతము.

ఏ విజయమునకైనను మూడు కథనములు పుట్టుచుండును: జేతది, జేతకు తోడ్పడినవానిది, విజితునిది. మెక్సికో విషయమున మూడును లభించుచున్నవి. కోర్తెస్ తన చక్రవర్తియగు చార్లెసుకు వ్రాసిన లేఖలు మొదటిదానికి ఉదాహరణము. త్లష్కాలావారు పదునారవ శతాబ్ది మధ్యమున వస్త్రముపై చిత్రింపించిన యుద్ధచరిత్రము రెండవదానికి ఉదాహరణము. తాము తోడ్పడనిచో స్పెయినువారు గెలువజాలరని రాజసన్నిధిని జ్ఞాపకము చేయుటయే దాని ప్రయోజనము. మూడవది సన్న్యాసియైన బెర్నార్దినో ద సాహగూన్ సంకలనము చేసిన పండ్రెండు సంపుటముల మహాగ్రంథము. 1529లో మెక్సికో చేరిన ఈతడు నాహువాత్ల్ భాష నేర్చి, త్లతెలోల్కో కళాశాలలో చదివిన స్థానిక యువకుల సాయమున వృద్ధులను ప్రశ్నించి, వారి సమాధానములను వారి భాషలోనే లాటిను లిపిలో వ్రాయించెను. పండ్రెండవ సంపుటము మెక్సికో పతనమును ఓడినవారి నోట చెప్పించుచున్నది. 1577 ప్రాంతమున ముగిసిన ఆ గ్రంథము ఇప్పుడు ఇటలీలోని ఫ్లారెన్సు నగర గ్రంథాలయమునందున్నది. 1959లో మిగెల్ లెయోన్-పోర్తియా అను మెక్సికో పండితుడు ఇట్టి కథనములను కూర్చి ప్రకటించిన పిదప గాని, విజితుల దృష్టి యనునది ఒకటి గలదని లోకమునకు బాగుగా తెలియలేదు.

బొబ్బిలి విషయమునను ఇట్టి సామగ్రి కొంత గలదు. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ తన గ్రంథమున బొబ్బిలి ముట్టడిని వర్ణించెను. తమకు ప్రత్యర్థులైన ఫ్రెంచివారి యుద్ధమగుటచే కాబోలు, ఆతడు కోటలోనివారి శౌర్యమును దాచక మెచ్చుకొనెను. తెలుగున దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము పద్యకావ్యముగా వెలసినది. పెద్దాడ మల్లేశము పేర ప్రసిద్ధమైన బొబ్బిలి యుద్ధకథ జంగము కథకుల నోట తంబుర, గుమ్మెటలతో ఊరూర తిరిగినది. దానిని మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పరిష్కరించిరి. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకముగా వ్రాసిరి. 1964లో చలనచిత్రముగను వచ్చినది. ఇట్లు ఓడిన కోట తెలుగు సాహిత్యమున గెలిచినది. 2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం పండితులు తమ గ్రంథమున, బొబ్బిలి గాథలను కట్టుకథలుగా గాక చరిత్రరచనలుగా చదువవలెనని వాదించిరి. ఆ వాదము మాకును సమ్మతమే.

ఇంకొక సామ్యము గలదు. త్లతెలోల్కో వృద్ధుల కథనమున తమ వీథివారి పరాక్రమము మిక్కుటముగ కన్పించును. తప్పంతయు మొక్తెజూమా పిరికితనముపై పడును. బొబ్బిలి గాథయందును దోషము పొరుగింటి రాజుపైననే మోపబడినది. విజయరామరాజు పగ, హైదరుజంగు పక్షపాతము, వెలమ దొరల మానధనము, మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి పగదీర్చుకొనుట: ఇవి కథకు ఆయువుపట్టులు. బుస్సీ యెవడు, ఆతడు ఈ దేశమున కేల వచ్చెను అను ప్రశ్న ఇందు ప్రధానము కాదు. ఓడినవాడు తన ఓటమికి కారణమును తన ఇంటిలోనో, తన పొరుగుననో వెదకుకొనుట ఉభయత్ర సమానము.

జేతకు తోడ్పడినవారి గతియు విచారింపదగినది. బుస్సీ సాయమున బొబ్బిలిని కూల్చిన పూసపాటివారి ఇంటనే, మరుసటి సంవత్సరము ఆనందరాజు ఇంగ్లీషువారిని పిలిచి, 1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచివారిని ఓడింపజేసెను. ఆ వంశపు మరియొక విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభమునొద్ద ఆ ఇంగ్లీషు కంపెనీ సైన్యముతోనే పోరాడి మరణించెను. త్లష్కాలావారికి స్పెయిను రాజు కొన్ని గౌరవముల నొసగెను గాని, మశూచికము వారిని శత్రువులనుండి వేరుచేసి చూడలేదు. పరాయి ఫిరంగిని పిలిచినవానికి దాని గురి ఎప్పుడును స్వాధీనమున నుండదు.

ఇంతవరకు పోలిక నిలిచినది. ఇక నిలువని చోటు చూతము.

1492లో కొలంబస్ దిగిన ద్వీపములవారికిగాని, 1519లో కోర్తెస్ దిగిన తీరమువారికిగాని, వచ్చినవాడు ముందెరుగని లోకమునుండి వచ్చినవాడు. ఆ లోకపు గుఱ్ఱము వారెరుగరు, ఇనుము ఎరుగరు. అన్నిటికంటె ముఖ్యముగా దాని వ్యాధులను వారి దేహములెరుగవు. 1520లో ప్రబలిన మశూచికము తెనోచ్తిత్లాన్ నగరమును ముట్టడికి ముందే సగము ఓడించినది. మొక్తెజూమా పిదప రాజైన క్వీత్లావాక్ ఆ వ్యాధితోనే మరణించెను. ఆ శతాబ్ది ముగియునప్పటికి మధ్య మెక్సికో జనులలో పదింట తొమ్మిదివంతులవరకు నశించిరని పలువురు పండితుల అంచనా. చావక మిగిలినవారి భూమి పోయినది, దేవతలు పోయిరి, తమ చరిత్రను తాము చిత్రించుకొన్న పుస్తకములు మంటల పాలైనవి. లాస్ కాసాస్ అను క్రైస్తవాచార్యుడు 1552లో ప్రకటించిన చిన్న పుస్తకమున తనవారే చేసిన ఈ వినాశమును దాపరికము లేక ఖండించెను.

బొబ్బిలి, విజయనగరములకు ఇట్టి దశ సంభవింపలేదు. బుస్సీ వచ్చినది సలాబత్‌జంగు పేర, ఉత్తర సర్కారుల పేష్కషు వసూలు చేయుటకు. గోలకొండ సుల్తానుల ఫౌజుదారులకును, నిజాము అధికారులకును అలవడిన జమీందారులకు ఆతడు మరియొక వసూలుదారు మాత్రమే. వేషము వేరు, ఫిరంగి కొంత పెద్దది. కోట కూలినను వంశము నిలిచినది. మంటలనుండి తప్పింపబడిన బాలుడు పెరిగి బొబ్బిలికి మరల దొరయయ్యెను. భాష నిలిచినది, దేవాలయములు నిలిచినవి, కథ చెప్పు జంగమును నిలిచెను. ఓడినవాడు తన భాషలో, తన ఛందస్సులో, తన జనుల యెదుట తన కథ చెప్పుకొనగలిగినచో ఆతడు ఓడినది యుద్ధమునందు మాత్రమే. ఆదిమజాతుల ఓటమి అట్టిది కాదు.

మరి ఈ సీమలో అట్టి ఓటమి నెరిగినవారెవరు? సాలూరు, పార్వతీపురము, పాలకొండ, పర్లాకిమిడి కొండలయందు సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు మొదలగువారు తరతరములనుండి నివసించుచున్నారు. వీరిలో సవరల నొక్కరినే ఇచ్చట ఉదాహరణముగ గ్రహింతుము. వీరి భాష ద్రావిడము కాదు. ముండా భాషలలో చేరినది. మన సాహిత్యము వీరినెట్లు చూచినదో గమనింపదగును. ప్రబంధములయందు శబరులు, ఎరుకలు వేటఘట్టమున ప్రవేశింతురు. తేనె, జున్ను, పులితోళ్లు కానుక తెచ్చి, మృగములు చేలు పాడుచేయుచున్నవని రాజునకు విన్నవింతురు. రాజు వేటకు వెడలును. వారి పని ముగియును. కవి మరల వారివంక చూడడు. వర్ణనాంగములుగా తప్ప మనుష్యులుగా వారికందు స్థానము లేదు. శ్రీముఖలింగ స్థలగాథయందు సవర స్త్రీల కలహమునుండి, ఇప్పచెట్టునుండి మధుకేశ్వరుడు వెలసెను. గుడి ప్రసిద్ధికెక్కినది, ఇప్పచెట్టు క్రింది సవరలు మాత్రము కథగా మిగిలిరి. అమెరికా ఆదిమవాసిని యూరపు చిత్రకారులు ఈకల కిరీటముతో పటముల అంచులపై అలంకారముగా నిలిపినట్లే, మన కవులు శబరుని కావ్యపు అంచున నిలిపిరి. ఈ పోలిక మనకు ఇంపుగా నుండదు. కాని సత్యమునకు దగ్గరగా నున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆ అంచునకు సర్కారు చేరుకొనెను. 1839లో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములు సాధారణ శాసనములనుండి వేరుచేయబడి ఏజెన్సీలయ్యెను. 1864లో పొట్టసింగి పోలీసులు ఒక సవర గ్రామపెద్దను అక్రమముగా నిర్బంధింపగా, సవరలు ఆతనిని విడిపించుకొని, ఒక ఇన్‌స్పెక్టరును నలుగురు కానిస్టేబులులను చంపి, ఠాణాను తగులబెట్టిరి. పట్టుబడినవారిలో ఐదుగురిని కొండదిగువ జల్తేరునొద్ద ఉరితీసిరి. ఈ సంగతి దొరలు వ్రాసిన గెజిటీరునందు నాలుగైదు వాక్యములలో నున్నది. బొబ్బిలికొక యుద్ధకథ గలదు. పొట్టసింగికి తెలుగున ఒక పదమైనను ఉన్నట్లు మా దృష్టికి రాలేదు. 1882 అటవీ శాసనము పిదప పోడు నేరమయ్యెను. కొండవారి భూమి మైదానపు వర్తకుల చేతిలోనికి పోవుటను అరికట్టుటకు 1917లోనే ఒక శాసనము చేయవలసివచ్చెనన్న, అంతకుముందు ఎంత భూమి పోయియుండునో ఊహింపవచ్చును. 1959లో నొకటి, 1970లో దానికి సవరణ యొకటి రావలసివచ్చినవి. ఆ నడుమ, 1967లో శ్రీకాకుళ గిరిజనోద్యమము రగిలినది. శాసనముల తేదీలే ఇచ్చట ఒక విషాదకథ.

ఇక సాహిత్యమునకు వత్తము. మెక్సికోకు సాహగూన్ ఎట్టివాడో, సవర కొండలకు గిడుగు వేంకట రామమూర్తిగారు కొంతవరకట్టివారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన ఈయన 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. సంతకు దిగివచ్చు సవరల భాష ఎవరికిని తెలియదని గమనించి, దానిని నేర్చి, వారి పాటలను, కథలను సేకరించి, తొలుత తెలుగు లిపిలో వ్రాసి, సవర బాలురకు వాచకములు కూర్చిరి. 1931లో ఆయన సవర భాషాబోధినియు, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువును ప్రకటితమైనవి. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆయనను మనమేటేట స్మరించుచున్నాము. కాని ఆ ఉద్యమమునకును సవర పరిశ్రమకును మూలమొక్కటియే యని మా అభిప్రాయము: నోటిలో బ్రదికియున్న భాషకు గౌరవము గలదను నమ్మిక. మొదటి కృషికి మన సాహిత్యచరిత్రలయందు అధ్యాయములు గలవు. రెండవదానికి తరచుగా ఒక వాక్యము.

సాహగూనుకును గిడుగువారికిని భేదము లేకపోలేదు. సాహగూన్ విగ్రహారాధనను పెకలించుటకై దాని వేరులు తెలిసికొనగోరెను. అయినను ఆ వేరులే పుస్తకమున భద్రపడుటచే రాజు శంకించి ఆ వ్రాతలను స్వాధీనము చేసికొమ్మని 1577లో ఆజ్ఞాపించెను. గిడుగువారు కోరినది మతము మార్చుట కాదు, బడి పెట్టుట. కాని ఇరువురికిని ఒక పరిమితి సమానము. వ్రాసినవాడు పరాయివాడు, లిపి పరాయిది, ఏది వ్రాయదగునో నిర్ణయించినదియు ఆ పరాయి చూపే. ఈ పరిమితిని సవరలే గుర్తించిరనుటకు నిదర్శనము గలదు. 1936లో మంగెయ్ గొమాంగో అను సవర తన భాషకు వేరుగా ఒక లిపిని కల్పించెను. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీననే పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినది. ఆ విభజన నొప్పక గిడుగువారు ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి; 1940 జనవరి 22న మరణించిరి. తెలుగువాని దుఃఖము పత్రికలకెక్కినది. సవర కొండలు రెండు రాష్ట్రములుగా చీలుటను సవరలేమనుకొనిరో వ్రాసినవారిని మేమెరుగము.

అయినను సవరలకు తమదైన చరిత్రకథనము లేదనుట పొరపాటు. అది కావ్యము కాదు, సంవాదము. మృతులు కురాన్ అనబడు పూజారి నోట, తరచుగా పూజారిణి నోట, పలుకుదురు. బ్రదికియున్నవారు వారిని ప్రశ్నింతురు, నిందింతురు, ఊరడింతురు. ఎవడెట్లు మరణించెను, ఎవనికెంత బాకీ, ఎవడేమి అన్యాయము చేసెను అను సంగతులన్నియు ఆ సంభాషణలో వచ్చును. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతముపై ప్రకటించిన గ్రంథమున వారి ఇండ్లలోని గోడబొమ్మలను పరిశీలించెను. దేవతలతోపాటు గుఱ్ఱమెక్కిన అధికారులు, తుపాకి బంట్లు, రైళ్లు, విమానములు ఆ గోడలపై కలవు. సాహగూన్ గ్రంథమునందలి చిత్రములవలె ఇవియు విజితుల చేవ్రాతలే. జేత రూపమును తమ పితృదేవతల నడుమ నిలిపి, ఆతనికి బలి యొసగి, ఆతనిని అదుపులో నుంచుకొన యత్నించిన చరిత్ర యది. దీనిని జానపదవినోదముగా గాక చరిత్రగా చదువుట మనమింకను నేర్వవలసియున్నది. బొబ్బిలి కథకు మనమొసగిన గౌరవమునే ఈ గోడలకును ఒసగుట న్యాయము.

అది చదువుటకు వ్యవధి తక్కువ. ఒడిశా సవరల నడుమ మృతసంవాదములను 1970వ దశకమునుండి పరిశీలించిన పియర్స్ విటెబ్‌స్కీ 1993లో వానిపై గ్రంథము వ్రాసెను. 2017లో వ్రాసిన మరియొక గ్రంథమున, క్రొత్తతరము మతాంతరము చెందుటచే ఆ సంభాషణలు ఆగిపోవుచున్న తీరును వర్ణించెను. ఇది ఒకరి దోషమని మేమనము. తన దేవతను విడుచుటయో, ఉంచుకొనుటయో సవరల ఇచ్ఛ. కాని విడిచినదేమో వ్రాసియుంచకపోవుట మన దోషము.

మా వాదమునకు ఒక ఆక్షేపణ రాగలదు. సవరలు అమెరికా ఆదిమవాసులవలె లోకమునుండి వేరుగా నున్నవారు కారు. వేయి సంవత్సరములుగా మైదానముతో వర్తకము, పూజ, వైరము నెరపినవారు. మశూచికము వారికి క్రొత్తది కాదు. 2011 జనగణనయందును ఆంధ్రప్రదేశమున వారు లక్షకు పైబడియున్నారు. ఈ ఆక్షేపణ యథార్థమే. కావుననే మేము దీనిని పూర్ణోపమ యనము. సాధారణ ధర్మమొక్కటి మాత్రము నిక్కముగా గలదు: తమ భూమిమీద తాము పరాయివారగుటయు, తమ కథ పరాయివాని నోట మాత్రమే వినబడుటయు. ఇంకను, అమెరికా ఆదిమవాసులును పూర్తిగ నశించినవారు కారు. నాహువాత్ల్ భాషను నేటికిని పదిలక్షలకు పైబడినవారు మాట్లాడుచున్నారు. ఆ భాష వచ్చినవారే ఇప్పుడు సాహగూన్ గ్రంథమును తమ పెద్దల గ్రంథముగ చదువుకొనుచున్నారు.

ఇందుండి మన తెలుగు శాఖలకు వచ్చు కర్తవ్యము స్పష్టము. ఈ శతాబ్ది తొలి దశకమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గిరిజన బాలలకు మాతృభాషలో వాచకములు వెలువరించినపుడు సవరభాషకును అందు చోటు కల్పించెను. అది గిడుగువారి ఆశయమునకు నూరేండ్ల పిదప వచ్చిన కొనసాగింపు. విశ్వవిద్యాలయమున అట్టి కొనసాగింపు ఇంకను రావలెను. గిడుగువారు సేకరించిన పాటలను, కథలను మూలముతో పునర్ముద్రింపవలెను. వానిని పరిష్కరించు పనిలో సవర విద్యావంతులు సమాచారము చెప్పువారుగా గాక పరిష్కర్తలుగా నుండవలెను. బొబ్బిలి కథను పాఠ్యముగా నుంచిన తరగతిలో ఆ పాటలును పాఠ్యములు కావలెను.

మేము పూర్వము చెప్పిన పోలికను ఉపసంహరించుకొనుచున్నాము. బొబ్బిలి వీరుల యెడ గౌరవము తగ్గి కాదు. వారి కథ చెప్పుటకు తెలుగు వాఙ్మయమంతయు గలదు; వారు మా సాక్ష్యము కొరకు వేచియుండలేదు. వేచియున్నది జల్తేరు.